ఎండపూట కాగిన ఉక్కు

‘ఈ తుపాకి బాగుపడుతుందా?’ అన్న మాటలో రెండు ప్రశ్నలున్నాయి. మళ్ళీ పేలుతుందా అన్నది ఒకటి, పేల్చొచ్చా అన్నది ఇంకొకటి. మొదటి ప్రశ్నకి మా పక్కింటాయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది: వాళ్ళ నాన్న దాన్ని నలభై ఏళ్ళు పేల్చాడు. రెండోదాని కోసమే నా దగ్గరికి వచ్చాడు.

నేనుండేది అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో. ఉద్యోగం లోహాల పరీక్షశాలలో. విరిగిన ఇరుసులు, పగిలిన పళ్ళచక్రాలు, చిట్లిన బోల్టులు మా బల్ల మీదికి వస్తాయి. అవి ఎందుకు విరిగాయో చెప్పడం నా పని. తుపాకులంటే నాకు ఇష్టం లేదు. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా, బడిలో దుండగుడు జొరబడితే బల్లల కింద ఎలా దాక్కోవాలో నేర్చుకుని వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ఈ సంగతి ఆయనకీ తెలుసు. ‘తుపాకి గురించి కాదులే, ఇనుము గురించి అడుగుతున్నాననుకో’ అన్నాడు.

కిందటి వసంతంలో వాళ్ళ నేలమాళిగలోకి వాననీళ్ళు వచ్చాయి. అక్కడ గోడవారగా ఉన్న రైఫిల్ మూడు రోజులు నీళ్ళలో నానింది. చెక్క చేతిపట్టు దగ్గర నిలువుగా చీలింది. బోల్టు తుప్పుకి బిగుసుకుపోయింది. తూటా ఏదీ లోపల లేదని ముందే చూయించుకుని తెచ్చాడు. నేనూ ఇంకోసారి చూశాకే బల్ల మీద పెట్టనిచ్చాను. ఊళ్ళో ఒక దుకాణంలో అడిగితే, కొత్త చెక్క వేసి, తుప్పు గీకి ఇస్తామన్నారట. వచ్చే నవంబరులో, జింకల వేట మొదలయ్యే రోజున, పద్నాలుగేళ్ళ మనవడి చేత ముత్తాత తుపాకితో మొదటి తూటా పేల్పించాలని ఆయన కోరిక.

అది స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రకం. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ప్రధానంగా వాడినవాటిలో ఒకటి. సైన్యానికి అక్కర తీరాక ఇలాంటివి జనానికి చవగ్గా అమ్మేవారు. నేను చెక్క చీలికని చూడలేదు, తుప్పునీ చూడలేదు. రిసీవర్ మీద చెక్కిన అంకె చూశాను. బోల్టూ, గొట్టం మొదలూ వచ్చి కూర్చునే ఉక్కు ముక్క రిసీవర్. తూటా పేలినప్పుడు చదరపు అంగుళానికి దాదాపు 50,000 పౌన్ల ఒత్తిడిని కాల్చేవాడి ముఖానికి జానెడు దూరంలో నిలబెట్టి ఆపేది అదే. దాని మీద అంకె ఆరు లక్షల చిల్లర.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో తయారైనవాటిలో 8,00,000 కన్నా తక్కువ అంకె ఉన్నవి, రాక్ ఐలండ్ కర్మాగారంలో తయారైనవాటిలో 2,85,507 కన్నా తక్కువ ఉన్నవి కాల్చకూడదని ఇక్కడ పాత రైఫిళ్ళు అమ్మేవాళ్ళే హెచ్చరిస్తారు. కారణం తెలియాలంటే 1917కి వెళ్ళాలి.

ఆ ఏడాది అమెరికా యుద్ధంలోకి దిగింది. రైఫిళ్ళూ తూటాలూ హడావుడిగా తయారవుతున్నాయి. కొన్ని తూటాల అడుగున ఇత్తడి మెత్తగా ఉండి చిట్లింది. వేడిగాలి ఒక్కసారిగా వెనక్కి తన్నింది. మంచి ఉక్కయితే ఆ దెబ్బకి ఉబ్బుతుంది, సాగుతుంది. ఈ రిసీవర్లు గాజుపెంకుల్లా ముక్కలయ్యాయి. ఆరా తీస్తే లోపం కొలిమి దగ్గర బయటపడింది. అప్పటిదాకా ఉక్కు ఎంత కాగిందో పనివాళ్ళు రంగు చూసి చెప్పేవారు. ఏళ్ళ తరబడి అనుభవమున్నవాళ్ళే. కానీ వేడిని కొలిచే పరికరాలు తెచ్చి పెట్టి చూస్తే, మబ్బు పట్టిన రోజు వాళ్ళు ‘సరిపోయింది’ అన్న వేడికీ, ఎండ కాసే రోజు ‘సరిపోయింది’ అన్న వేడికీ మధ్య 300 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా తేడా కనబడింది. ఎండ వెలుగులో ఎర్రదనం వెలవెలబోతుంది. కంటికి ఇంకా కాగలేదనిపిస్తుంది. ఇంకాస్త కాలుస్తారు. ఈ కథంతా సైన్యంలో ఆయుధ విభాగపు అధికారిగా పనిచేసిన జూలియన్ హాచర్ 1947లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశాడు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆర్మూరు దగ్గర పల్లెలో కమ్మరి ఆయన. ఒకప్పుడు ఉక్కుకి దేశదేశాల్లో పేరు పడ్డ కోనసముద్రం మాకు మరీ దూరమేం కాదు. తాత కొలిమి మీద తాటాకుల పందిరి నడుమెత్తు దాకా దిగి ఉండేది. కర్రు పదును పెట్టేటప్పుడు గుమ్మంలో నిలబడితే ‘వెలుతురు మారుతది, అటన్న ఇటన్న జరుగు బిడ్డా’ అనేవాడు. కొడవళ్ళకి పదును మాత్రం పొద్దు గూకినాకే. పని తెలియని చాదస్తం అనుకునేవాళ్ళం పిల్లలం. కన్ను నమ్మదగ్గదే గాని, వెలుతురు స్థిరంగా ఉంటేనే అని ఆయనకి తెలుసు. స్ప్రింగ్‌ఫీల్డ్ పనివాళ్ళ చెయ్యీ కన్నూ తక్కువవి కావు. వాళ్ళ నెత్తిన పందిరి లేదు, అంతే.

‘అయితే మళ్ళీ కాల్చి సరిచెయ్యొచ్చు కదా?’ అన్నాడు పక్కింటాయన. న్యాయమైన ప్రశ్న. అరిసెల పాకం పట్టిన ఎవరికైనా జవాబు తెలుసు. పాకం ముదిరితే కాసిని నీళ్ళు చిలకరించి మళ్ళీ దారికి తెచ్చుకోవచ్చు. మాడితే పారబోయడమే. ఉక్కు కూడా అంతే. కాస్త ఎక్కువ కాగితే లోపలి రేణువులు పెద్దవవుతాయి; మళ్ళీ పద్ధతిగా కాల్చి వాటిని సన్నగా చెయ్యొచ్చు. మరీ కాగితే రేణువుల అంచులే కాలిపోతాయి. ఆ అతుకు ఇక కలవదు. సైన్యం కూడా పాతవాటిని మళ్ళీ కాల్చి చూసింది, లాభం లేకపోయింది. 1918 నుంచి పద్ధతి మార్చి, పరికరంతో వేడి కొలుస్తూ, పైన గట్టిగా లోపల సాగే గుణంతో ఉండేలా రెండు విడతలుగా కాల్చారు. అంకెల దగ్గర గీత గీసింది అక్కడే.

గీతకి కింద ఉన్నవన్నీ చెడ్డవి కావు. అసలు చిక్కంతా ఇక్కడే. దాదాపు పది లక్షల రిసీవర్లలో పేలినట్టు నమోదైనవి కొన్ని పదులు మాత్రమే. మబ్బు పట్టిన రోజున కాగినవి నిక్షేపంగా ఉండొచ్చు. మరి ఇది ఏ రోజుది? 70,000 పౌన్ల ఒత్తిడితో చేసే పరీక్షలో అప్పట్లో చెడ్డవీ నెగ్గాయి, ఎందుకంటే పెళుసు ఉక్కు నిలకడైన బరువుని మోస్తుంది, ఆకస్మికంగా తగిలే దెబ్బకే ఓడిపోతుంది. గట్టిదనం కొలిచే యంత్రం మా ల్యాబులో ఉంది. అది గట్టిదనం చెబుతుంది, పెళుసుదనం చెప్పదు. ఎక్స్‌రే తీస్తే పగులుంటే కనబడుతుంది, ఇక్కడ ఇంకా పగులు లేదు. రేణువులు ఎలా ఉన్నాయో ఖాయంగా తెలియాలంటే విరగ్గొట్టి, విరిగిన చోటు చూడాలి. మంచిదని తేలిన క్షణానికి అది ఇక ఉండదు.

ఆయన వదల్లేదు. గొట్టం మీద 1940ల నాటి తేదీ చూపించాడు. ‘సైన్యమే కొత్త గొట్టం వేసింది. బాగోలేకపోతే వేస్తారా?’ అన్నాడు. గొట్టం మార్చినంతలో రిసీవర్ వయసు తగ్గదు. 1927లో ఒక కమిటీ ఈ పాతవన్నీ వెనక్కి తీసుకోమంది. అప్పటి అధికారులు, ఇన్నాళ్ళూ ఎన్నో గొట్టాలు అరిగేదాకా పనిచేశాయి కదా అని, జవాన్ల చేతుల్లో ఉన్నవాటిని ఉండనిచ్చారు. మరమ్మతుకి వస్తే మాత్రం ఆ రిసీవర్‌ని మళ్ళీ వాడొద్దన్నారు. తర్వాత ఇంకో యుద్ధం ముంచుకొచ్చింది, ఆ మాట పక్కకి పోయింది. పాత రిసీవర్ మీద 1940ల గొట్టం ఉన్న రైఫిళ్ళు ఇప్పటికీ కనబడతాయి. యుద్ధంలో ఉన్న సైన్యం లెక్క వేరు: ఎదుటివాడి తూటా కన్నా ఇది చిన్న ప్రమాదం. ఒక పిల్లాడి సరదాకి ఆ లెక్క వర్తించదు.

‘నలభై ఏళ్ళు ఏమీ కాలేదే’ అన్నాడు చివరికి, కాస్త బాధగానే. నలభై ఏళ్ళ పాటు ఒక్క తూటా ఇత్తడీ చిట్లలేదు కాబట్టి ఏమీ కాలేదు. అంటే ఆ ఉక్కుకి అసలు పరీక్ష ఇంకా జరగనే లేదు. చిట్లే తూటా ఏదో ముందుగా ఎవరికీ తెలియదు. కాల్చినప్పుడల్లా ఇత్తడి మీదే భారం వేస్తున్నామన్న మాట.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సూటిగా అడిగాడు: ‘మీ అమ్మాయయితే?’

‘పేల్చనివ్వను’ అన్నాను. ఇది పేలుతుందని నేను రుజువు చెయ్యలేను. పేలదని కూడా చెయ్యలేను. రుజువు రెండువైపులా దొరకనప్పుడు, పణంగా పెడుతున్నదేమిటో చూసుకోవాలి. ఇక్కడ అది పిల్లాడి కన్ను.

బాగుచెయ్యడం మాత్రం మానలేదు. చీలిన చెక్కని జిగురు పెట్టి, బిగించి, అతికించాడు. మనవడూ ఆయనా కలిసి వారం రోజులు నూనెతో తుప్పు వదిలించారు. లోపలి ఫైరింగ్ పిన్ను తీసేసి వేరే డబ్బాలో పెట్టారు. నవంబరులో వేటకి ఆ పిల్లాడు వేరే రైఫిల్ తీసుకువెళ్ళాడు.

నేను అడిగి చేయించింది ఒక్కటే. ఇత్తడి రేకు మీద నాలుగు మాటలు చెక్కించి ట్రిగ్గర్ చుట్టూ ఉన్న వలయానికి తీగతో బిగించాం: ఈ అంకె రిసీవర్‌ని కాల్చకూడదు, 1918కి ముందటి ఉక్కు. ఇనుము మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. ఆయనకి తెలుసు, మనవడికి తెలుసు. ఆ తర్వాత ఎవరో దీన్ని ఏ పాత సామాన్ల అమ్మకంలోనో కొనుక్కుంటారు. చెక్క బాగుంది, గొట్టం మెరుస్తోంది అనుకుంటారు. పిన్ను కొత్తది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.