టీవీ కంపెనీ... మాస్కుల లాటరీ!

2020 ఏప్రిల్‌ 21. జపాన్‌లో ఉదయం పది గంటలైంది. షార్ప్‌ కంపెనీ వెబ్‌సైట్లో మాస్కుల అమ్మకం మొదలైంది. అంతే! జనం ఒక్కసారిగా ఎగబడేసరికి సైట్‌ కుప్పకూలింది. ఆ దెబ్బకి సెల్‌ఫోన్‌తో నడిపించే షార్ప్‌ ఏసీల్లాంటి సామాన్లు కూడా కాసేపు మాట వినలేదట!

ఇంతకీ టీవీలు చేసే కంపెనీకి మాస్కులతో ఏం పని?

దుమ్ము లేని చోటు

కరోనా మొదటి నెలల్లో జపాన్‌ మందుల దుకాణాల్లో మాస్కులు దొరకడమే గగనమైపోయింది. వాటిని ఎక్కువగా చైనా నుంచి తెప్పించుకునే దేశమది. ఆ దారి మూసుకుపోవడంతో ఎవరైనా తయారుచేయండంటూ ప్రభుత్వం కంపెనీలను కోరింది. మియె ప్రాంతంలోని తాకి అనే ఊళ్లో షార్ప్‌కి ఎల్‌సీడీ తెరల కర్మాగారం ఉంది. కంటికి కనిపించని నలుసు పడినా తెర పాడైపోతుంది కాబట్టి అక్కడ గాలిని సైతం వడకట్టి వదులుతారు. మాస్కులకూ కావలసింది అలాంటి శుభ్రమైన చోటే కదా! యంత్రాలు తెచ్చి బిగించారు. మార్చి 24న పని మొదలైంది. రోజుకు లక్షన్నరతో ఆరంభించి అయిదు లక్షలకు చేరాలన్నది లక్ష్యం. తొలి సరకు ప్రభుత్వానికి వెళ్లింది. ఆ తర్వాతే మామూలు జనానికి.

50 మాస్కుల పెట్టె 2,980 యెన్‌లు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో సుమారు రెండువేల రూపాయలు. సైట్‌ కూలిపోయాక కంపెనీ పద్ధతి మార్చింది. ముందొచ్చినవారికే ఇస్తే కంప్యూటర్‌ ముందు చకచకా వేళ్లు ఆడించలేని పెద్దవాళ్లకు దక్కేదెప్పుడు? లాటరీ పెట్టింది. మొదటి విడతకి అనుకున్నవి 30 వేల పెట్టెలు. వచ్చిన దరఖాస్తులు దాదాపు 47 లక్షలు!

ఇది దానమేమీ కాదు. మాస్కుల తయారీకి ముందుకొచ్చిన కంపెనీలకు ప్రభుత్వం సాయం చేసింది, షార్ప్‌ తన సరకును ధరకే అమ్మింది. అయినా కొరత రోజుల్లో ఎవరి దగ్గర ఎక్కువ డబ్బుంటే వారికే అనకుండా అందరికీ ఒకే ధర, ఒకే అవకాశం ఇవ్వడం చిన్న విషయం కాదు.

ఆ చేయి పట్టుకుని...

కష్టకాలం ఈ కంపెనీకి కొత్త కాదు. వ్యవస్థాపకుడు తోకుజి హయకావా చిన్నతనంలోనే పెంపుడింటికి వెళ్లాడు. సవతితల్లి ఆరళ్ల మధ్య అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ పెరిగాడు. పొరుగున ఉండే ఓ అంధురాలు జాలిపడి, చేయి పట్టుకుని తీసుకెళ్లి లోహపు పనివాడి దగ్గర చేర్పించింది. ఆ పిల్లాడే పెద్దయ్యాక 1915లో మెకానికల్‌ పెన్సిల్‌ తయారుచేశాడు. షార్ప్‌ అన్న పేరు దాన్నుంచి వచ్చిందే. 1923 భూకంపంలో కర్మాగారంతోపాటు భార్యాబిడ్డలనూ పోగొట్టుకున్నాడు. అప్పులు తీర్చడానికి పెన్సిల్‌ పేటెంట్లు వదులుకుని, ఒసాకా వెళ్లి మళ్లీ మొదటినుంచీ ప్రారంభించాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చూపు పోయినవారి కోసం ప్రత్యేకంగా కర్మాగారం పెట్టాడు. తనను నడిపించిన ఆ చేతి రుణం అలా తీర్చుకున్నాడు.

తైవాన్‌ది మరో కథ. 2020 ఆరంభంలో అక్కడ రోజుకు 19 లక్షల మాస్కులు కూడా తయారయ్యేవి కాదు. జనవరి 24న ఎగుమతులు ఆపేశారు. అయినా సరిపోవు. మాస్కు యంత్రాలు చేసే కంపెనీలా, చిన్నవి. నెలల తరబడి ఆగాలి. అప్పుడు రంగంలోకి దిగారు లోహాన్ని కోసే యంత్రాలు చేసే కంపెనీలవాళ్లు. వ్యాపారంలో ఒకరికొకరు పోటీ. అయినా తమ ఇంజినీర్లను, పనివాళ్లను పంపి పక్కపక్కనే నిలబడి బోల్టులు బిగించారు. నెలన్నర తిరక్కుండానే 60 వరుసల యంత్రాలు సిద్ధం. మార్చిలో ఉత్పత్తి రోజుకు కోటి దాటింది!

ఈ రెండు చోట్లా ఎవరూ ఆకాశం నుంచి కొత్త విద్య తేలేదు. ఒకరి దగ్గర దుమ్ములేని గది ఉంది, మరొకరి దగ్గర పనితెలిసిన చేతులున్నాయి. ఉన్నదాన్ని అవసరమున్నచోట పెట్టారు. కంపెనీలు ఏటా ఘనంగా అచ్చువేసే సామాజిక బాధ్యత నివేదికలకు అసలు పరీక్ష ఇలాంటి రోజుల్లోనే. ఆ అంధురాలి దగ్గర మాత్రం ఏముంది... ఓ పిల్లాడిని నడిపించే చేయి తప్ప!