బంతి కూర్చున్నాక ఎసరు పెడితే ఎలా?

సర్వర్లు చూసుకునే ఉద్యోగం అంటే మా అమ్మ మొదట హోటల్లో సర్వర్లనుకుంది. నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే పెద్ద తేడా ఏం లేదు. జనం పెరిగితే వడ్డించేవాళ్లను పెంచాలి, తగ్గితే తగ్గించాలి. మేం చేసేదీ అదే. కాకపోతే మనిషి కూర్చుని లెక్కపెట్టక్కర్లేకుండా ఆ పని దానంతటదే జరిగేలా చూస్తాం. దాని పేరే ఆటో స్కేలింగ్.

నేను పనిచేసేది ఒక బస్ టికెట్ల యాప్‌కి. సంక్రాంతి టికెట్లు తెరిచే రోజే మాకు అసలు పరీక్ష. హైదరాబాద్‌లో ఉన్న మనూళ్లోళ్లంతా ఒకే నిమిషంలో ఫోన్ తీస్తారు. స్క్రీన్ మీద చక్రం అలా తిరుగుతూ ఉంటే, మాకది గ్రాఫ్‌లో ఒక గీత. అవతలివాళ్లకి మాత్రం పండక్కి ఇంటికెళ్లడమా, మానుకోవడమా అన్న సంగతి.

‘ఆటో స్కేలింగ్ పెట్టేశాంగా, ఇంకేం భయం?’ అంటారు కొత్తగా చేరినవాళ్లు. అది ఎలా పనిచేస్తుందో చూస్తే భయం ఎందుకో తెలుస్తుంది. కుబర్నెటిస్‌నే తీసుకోండి. మనమేం మార్చకపోతే అది 15 సెకన్లకోసారి లెక్క చూస్తుంది. సీపీయూ వాడకం సగటున 60 శాతం ఉండాలని చెప్పామనుకోండి. అప్లికేషన్ కాపీలు నాలుగు నడుస్తుండగా వాడకం 90కి చేరిందంటే, నాలుగుని 90తో గుణించి 60తో భాగిస్తుంది. ఆరు కావాలని తేలుతుంది. ఇంకో రెండు మొదలుపెడుతుంది. అంతే, మంత్రమేం లేదు.

చిక్కంతా టైంతోనే. అది కదిలేది జనం వచ్చాకే. ఉన్న మెషీన్లలో కొత్త కాపీకి చోటు లేకపోతే ముందు ఇంకో మెషీన్ రావాలి. ఆ తర్వాత అప్లికేషన్ లేచి పనికి సిద్ధమవ్వాలి. ఇదంతా అయ్యేసరికి నిమిషాలు గడిచిపోతాయి. బంతి కూర్చున్నాక ఎసరు పెట్టినట్టు!

2019 ప్రపంచకప్‌లో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. మామూలు ఆటో స్కేలింగ్ అంత వేగాన్ని అందుకోలేదని, చూసేవాళ్ల సంఖ్యని బట్టి సర్వర్లను ముందే పెంచి ఉంచామని వాళ్ల ఇంజనీర్లే తర్వాత చెప్పారు.

ఇంకో మెలిక డేటాబేస్. వడ్డించేవాళ్లను ఎంతమందినైనా పెట్టొచ్చు, వంటగది మాత్రం ఒక్కటే. పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే కనెక్షన్లు 100కే పరిమితం. ఒక్కో సర్వర్ 20 తీసుకుంటే ఆరోదానికి చోటే ఉండదు. అందుకే గరిష్ఠంగా ఎన్ని సర్వర్లు అన్నది డేటాబేస్‌ని అడిగి రాయాల్సిన అంకె.

తగ్గించడంలోనూ తొందర పనికిరాదు. రద్దీ కాస్త తగ్గగానే సర్వర్లు తీసేస్తే, మళ్లీ పెరిగినప్పుడు మొదటికొస్తుంది. కుబర్నెటిస్ కూడా తగ్గించేముందు గత 5 నిమిషాల లెక్కలు చూసి, వాటిలో పెద్ద అంకెకే కట్టుబడి ఉంటుంది.

అందుకే మా టీంలో నేను పట్టుబట్టేది ఒకటే. టికెట్లు తెరవడానికి అరగంట ముందే కనీస సర్వర్ల సంఖ్య పెంచేయాలి. ‘ఖాళీగా ఉన్న సర్వర్లకి అద్దె ఎందుకు?’ అని ప్రతిసారీ అడుగుతారు. అడగాల్సిందే, బిల్లు కట్టేది వాళ్లే మరి. ‘ఆ అరగంట అద్దె మిగుల్చుకుంటే నష్టపోయేది ఎవరు?’ అని నేనూ అడుగుతాను. సంక్రాంతి ఎప్పుడొస్తుందో సీపీయూకి తెలీదు, మనకి తెలుసు.

మీరూ ఏదైనా యాప్‌కి ఆటో స్కేలింగ్ పెడుతుంటే, శాతాల సంగతి తర్వాత. ముందు క్యాలెండర్ తెరిచి, మీ జనం ఏ రోజు, ఏ గంటకి వస్తారో రాసుకోండి.