పొట్టిదానికి హాకీ ఎందుకు?

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. స్కూల్లో ప్రార్థన వరుసలో ఎప్పుడూ నేనే ముందు. అది అలవాటే. కానీ పోయిన ఏడాది హాకీ సెలక్షన్‌లో అందరికంటే ముందు నన్నే బయటికి పంపడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.

అందర్నీ వరసగా నిలబెట్టి చూశారు. "నువ్వు మరీ చిన్నదానివమ్మా, దెబ్బ తగిల్తే ఎవరిది పూచీ?" అన్నారు. అంతే. నా స్టిక్కుకు బంతి తగలనే లేదు.

ఇంటికొచ్చి తాత దగ్గర ఏడ్చాను. తాత చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాడు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా. అంతా విని అన్నాడు: "లోపల తల వంచి దూరాల్సిన చోట పొడుగోళ్లకు కష్టం మే. బరువెత్తాల్సిన చోట మాలాంటోళ్లకు కష్టం. ఎవరు దేనికి పనికొస్తారో పని చేయించి చూసినోడే మంచి మేస్త్రీ."

2025లో మన దేశపు అమ్మాయిలు ఐస్ హాకీ ఆసియా కప్‌లో కాంస్యం గెలిచారు. వాళ్లలో ఎక్కువమంది లడఖ్ వాళ్లు. ఆ వార్త చూశాకే నేను ఫోన్లో ఐస్ హాకీ చూడటం మొదలుపెట్టాను. అమెరికా, కెనడాల్లో మగవాళ్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ పోటీల్లో, పక్ దగ్గరున్న ఆటగాణ్ణి భుజంతో గుద్ది ఆపడం నిబంధనల ప్రకారమే సరి. అలాంటి ఆటలో ఒళ్లు ముఖ్యం కాదని ఎలా అంటాం? ఆరడుగుల తొమ్మిది అంగుళాల జ్డేనో చారా గోల్ ముందు నిలబడితే గోడ కట్టినట్టే. 2011లో అతని కెప్టెన్సీలో బోస్టన్ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది.

అదే లీగ్‌లో మార్టిన్ సెయింట్ లూయీ ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతణ్ణి ఒక్క జట్టూ తీసుకోలేదు. 2004లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు అతనివే. అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అతనిదే. ఆ ఏడు స్టాన్లీ కప్ కూడా అతని జట్టు టాంపా బేదే.

ఇద్దరూ గొప్పవాళ్లే. మరి ఒకర్ని వదిలేసిందెందుకు? నాకు తోచింది ఇది: ఎత్తు ఒక్క చూపులో కనిపిస్తుంది. నేర్పు కనిపించాలంటే కాసేపు ఆడనివ్వాలి. ఆ కాసేపు ఓపిక లేనప్పుడే ఎత్తు గెలుస్తుంది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే నేను మంచిదాన్ని అయిపోతాను. కానీ ఇంకోటి చెప్పాలి. మొన్న మన క్లాసు జట్టును ఎంచే పని నాకే ఇచ్చారు. మనలో ఒకమ్మాయి బాగా పొడుగు, కొంచెం లావు. ఆమెను చూడగానే "నువ్వు గోల్‌లో నిలబడవే" అనేశాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక, సయనైడ్ దిబ్బల వైపు ఎండ వాలుతుంటే, ఆమె ఒక్కతే బంతి తోసుకుంటూ గ్రౌండు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిగెత్తింది. బంతి స్టిక్కుకు అతుక్కున్నట్టే ఉంది. దగ్గరికెళితే అంది: "నిన్ను ఆడించి చూడలేదని ఏడ్చావు కదే, మరి నన్ను చూశావా?"

నాకు మాట రాలేదు. మర్నాడు ఆమెను ముందు వరుసలో ఆడించాను. మ్యాచ్ 2-1తో ఓడిపోయాం, అది వేరే సంగతి. మన ఒక్క గోలూ ఆమెదే.

వచ్చే నెల మళ్లీ సెలక్షన్లు. నేను వెళ్తాను. మన మేడమ్‌లను నేను అడిగేది ఒక్కటే: ముందు పది నిమిషాలు అందరికీ బంతి ఇవ్వండి. ఆ తర్వాత నన్ను వద్దంటే, ఈసారి ఏడవను.