హమ్‌సఫర్‌కీ ఒక దిల్ ఉంటుంది

మా అబ్బా దృష్టిలో వీడియో గేమ్ అంటే వక్త్ బర్బాద్. నాకు మాత్రం అదో దాస్తాన్. కత్తులు, జాదూ, మనతోపాటు నడిచే హమ్‌సఫర్‌లు. వాళ్లలో కొందరితో మొహబ్బత్ కూడా కుదురుతుంది.

2009లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో ఒక్కో సాథీకి మన మీద ఎంత ఇష్టముందో మైనస్ 100 నుంచి 100 దాకా అంకెల్లో కనిపిస్తుంది. నచ్చే మాటంటే పెరుగుతుంది, నచ్చని పని చేస్తే తగ్గుతుంది. తోఫా ఇచ్చినా పెరుగుతుంది. నాకు తక్లీఫ్ అక్కడే. ఇస్తూ పోతే దిల్ తెరుచుకోవడాన్ని మా అమ్మీ అయితే సౌదా అనే అంటుంది. "ఇంత చేశాను, ఎందుకు కాదంటావ్?" అని ఆడపిల్లల్ని నిలదీసే కుర్రాళ్లని మన గల్లీల్లో చూడటం లేదా? వాళ్లదీ ఇదే హిసాబు.

కానీ అదే ఆటలో అలిస్టర్ ఉన్నాడు. అతని ఉస్తాద్ డంకన్‌నీ, రాజునీ జంగ్‌లో చావుకు వదిలేసి పోయినవాడు లోగేన్. ఆ లోగేన్‌ని మనం మాఫ్ చేసి జట్టులో చేర్చుకుంటే అలిస్టర్ మనల్ని వదిలి వెళ్లిపోతాడు. ఎన్ని తోఫాలిచ్చినా, ఎంత మొహబ్బత్ చేసినా ఆగడు. అతనికీ జమీర్ ఉంది.

ఆ ఆటలో నా దిల్‌కి తాకింది ఆ ఇన్కారే. నికాలో "ఖుబూల్ హై?" అని అడుగుతున్నారంటే, కాదనే హక్ కూడా ఉన్నట్టే కదా!

మీ పిల్లలు ఇలాంటి ఆట ఆడుతుంటే వెంటనే కట్టెయ్యమనకండి. కాసేపు పక్కన కూర్చొని అడగండి: "బేటా, అతనెందుకు వెళ్లిపోయాడు?"