బీదర్ మదరసా ముంగిట

భూమిపై సంచరించి, గతించినవారి పర్యవసానాన్ని గమనించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఉద్బోధిస్తుంది. సెలవులను ఆ దృష్టితో గడపదలచి, మేము హైదరాబాద్ నుంచి సుమారు 140 కి.మీ. దూరంలోని బీదర్‌కు సకుటుంబంగా వెళ్ళాము. జుహ్ర్, అస్ర్ నమాజులను ఖస్ర్ సౌలభ్యంతో రెండేసి రకాతులుగా ఆచరించాము.

పిల్లలను కోట బురుజులు, ఫిరంగులు ఆకట్టుకున్నాయి. స్త్రీలు బిద్రీ పనివారి చెంత ఆగిపోయారు. జింకు, రాగి మిశ్రమంలో వెండి తీగను పొదిగి, కోట మట్టితోనే ఆ లోహానికి నలుపెక్కిస్తారు. వృద్ధులు మహమూద్ గవాన్ మదరసా నీడలో సేదతీరారు.

ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ ప్రధాని అయిన గవాన్ 1472లో ఈ విద్యాలయాన్ని నిర్మించాడు. ప్రత్యర్థులు సృష్టించిన దొంగ ఉత్తరాన్ని నమ్మి, సరైన విచారణ లేకుండానే సుల్తాన్ 1481లో ఆయనకు మరణశిక్ష విధించాడు. నిజం తెలిసి పశ్చాత్తాపపడినా పోయిన ప్రాణం తిరిగిరాలేదు. మరుసటి ఏడే సుల్తానూ మరణించాడు. రాజ్యం క్రమంగా ముక్కలైంది.

వార్తను నిర్ధారించుకోనిదే నమ్మరాదన్న అల్ హుజురాత్ సూరా హితవు మా యువకులకు అక్కడ కొత్తగా బోధపడింది. ఫోన్‌లో వచ్చిన ప్రతి కబురునూ పదిమందికి పంపే మన ఇళ్ళకు ఈ ప్రయాణం ఎంతో అవసరం.