దూడకు వదిలిన పాలు

రాయగడ నుంచి బిస్సంకటక్ వైపు వెళ్లే బస్సులో తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ కొండలు విశాఖపట్నం జిల్లాలోవే. బుధవారం చాటికోన సంత. నియమగిరి మీది డొంగ్రియా కోందులు పొద్దున్నే దిగివచ్చి అనాసలు, పసుపు, అల్లం, అరటిగెలలు పరిచేశారు. కోళ్లున్నాయి, మేకలున్నాయి, ఎండుచేపలున్నాయి. కొండ దిగిన బుట్టల్లో పాలు, పెరుగు, వెన్న మాత్రం ఎక్కడా లేవు. అది ఎందుకో తెలుసుకోవాలనే నేను వచ్చింది.

కోందులు, సవరలు, గదబలు తరతరాలుగా పశువులను పెంచుతున్నవాళ్లే. ఎద్దు దుక్కికి, దున్నపోతు దేవతకు, పేడ పొలానికి. పాలు పితకడం మాత్రం వాళ్ల పాత అలవాట్లలో లేదు. దక్షిణాసియాలో పాలు వాడని జనాల గురించి అమెరికన్ భూగోళ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సిమూన్స్ 1970లో రాసిన వ్యాసంలోనూ మధ్య భారత ఆదివాసులు ముఖ్యంగా కనిపిస్తారు.

తెలుగు వచ్చిన ఒక కుర్రాడి సాయంతో, అనాసలు అమ్ముతున్న పెద్దామెను అడిగాను: “మీ ఆవు పాలు మీరు తాగరా అమ్మా?”

“దూడ ఉంది కదా బాబూ. దాని తల్లి పాలు దానివే,” అంది. మనవళ్లు సంతలో పాల టీ తాగుతున్నారట. తనకైతే పాలు పడితే కడుపు ఉబ్బుతుందట.

ఆ ఉబ్బరం రోగం కాదు. పుట్టిన బిడ్డ పేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అరిగించేది అదే. తల్లిపాలు మానే వయసు దాటాక ఈ ఎంజైమ్ తగ్గిపోవడం క్షీరదాలన్నిటికీ సహజం. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఉబ్బరం, నొప్పి, ఒక్కోసారి విరేచనాలు అక్కడినుంచే. ప్రపంచంలోని పెద్దవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందిది ఇదే స్థితి.

పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడమే మనిషి చరిత్రలో కొత్త మలుపు. లాక్టేజ్ జన్యువుకు 13,910 అక్షరాల ముందు, డీఎన్ఏలో సి ఉండాల్సిన చోట టి వచ్చినవాళ్లలో ఆ ఎంజైమ్ ఆగదని 2002లో ఫిన్లాండ్ పరిశోధకులు గుర్తించారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒకరి దగ్గరినుంచి వచ్చినా చాలు. కెన్యా, టాంజానియా పశుపాలకుల్లో అదే పని చేసే వేరే మార్పు ఉందని 2007లో తేలింది. అంటే పాడి ఉన్నచోట ప్రకృతి ఈ గుణాన్ని వేర్వేరుగా ఎంచుకుంది.

కానీ పాలు తాగడం ముందు, గుణం వ్యాపించడం తర్వాత. కుండపెంకుల్లో మిగిలిన కొవ్వును, పాత ఎముకల డీఎన్ఏను కలిపి చూసిన 2022 నాటి అధ్యయనం ప్రకారం యూరప్‌లో క్రీ.పూ. 7000 నుంచే పాల వాడకం ఉంది. ఈ గుణం బాగా వ్యాపించింది మాత్రం క్రీ.పూ. 1000 ప్రాంతంలోనే. మామూలు రోజుల్లో ఉబ్బరంతో పోయే పాలు కరువులో, అంటురోగాల్లో విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చి ఉంటాయని, అప్పుడు అరిగించుకోగలిగినవాళ్లే మిగిలి ఉంటారని ఆ పరిశోధకుల ఊహ.

మన దేశం సంగతీ ఇలాగే తెలిసింది. హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ పాల్గొన్న అధ్యయనం 2012లో వెలువడింది. భారతీయుల్లో ఉన్నదీ యూరప్‌లోని మార్పే, రెండింటి మూలమూ ఒక్కటే. ఆ మార్పు దేశానికి వాయవ్యాన ఎక్కువగా ఉండి, తూర్పుకూ దక్షిణానికీ వచ్చేకొద్దీ తగ్గుతుంది. దక్షిణాన నీలగిరుల్లో గేదెలు కాసే తోడాలు మినహాయింపు. తెలుగువాళ్లమూ ఈ లెక్కకు బయట లేము. 1981లో అచ్చయిన పరీక్షల్లో ఢిల్లీ వైపు 27 శాతం మందికి లాక్టోజ్ అరగకపోతే, దక్షిణాదిలో దాదాపు 67 శాతం మందికి అరగలేదు. మనకు దారి చూపించింది తోడు. పాలు తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది. మన భోజనం పెరుగుతోనో మజ్జిగతోనో ముగియడంలో కడుపుకు ఈ మేలు కూడా ఉంది.

కొండవాళ్ల దారి వేరు. శుక్రవారం కొరాపుట్ జిల్లా కుందులి సంతలో అది కళ్లకు కట్టింది. ఇక్కడి మాండియా మన ఉత్తరాంధ్ర చోళ్లే. వాటితో కాచిన పేజ అనే జావను సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి వెళతారు. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల చోళ్లకు 344 మిల్లీగ్రాముల కాల్షియం, అంతే ఆవుపాలకు 120. పేజలో నీళ్లెక్కువ కాబట్టి గిన్నెకు గిన్నె పోల్చకూడదు. అయినా పాడి లేని ఇంట్లో ఎముకలకు ఆధారం ఉందని ఈ అంకెలు చెబుతాయి.

అక్కడే కలిసిన ఒక ఆరోగ్య కార్యకర్త తన అనుభవం చెప్పింది. ఖాళీ కడుపున నిండు గ్లాసు పాలు తాగిన పిల్లలు కొందరు కడుపు పట్టుకుంటారట. పెరుగన్నం తిన్నప్పుడు ఆ ఇబ్బంది రాదట. శాస్త్రం చెప్పేదీ అదే. లాక్టేజ్ తగ్గినవాళ్లలో చాలామంది కొద్దిపాటి పాలను, అందులోనూ భోజనంతో కలిపి, తట్టుకోగలరు.

పాలు తాగని జనాన్ని వెనకబడినవాళ్లుగా చూసే అలవాటు మనలో బలంగా ఉంది. అది తప్పు. వాళ్ల కడుపు మానవజాతి పాత పద్ధతిలోనే నడుస్తోంది. వాళ్ల పొలం దానికి తగిన తిండి పండించింది. గిరిజన బిడ్డల పళ్లెం గురించి నిర్ణయించేవాళ్లు చోళ్లు, ఆకుకూరలు, పప్పు, గుడ్డుతో మొదలుపెట్టాలి. పాలు ఇవ్వాలనుకుంటే తోడుపెట్టి, అన్నంతో, కొద్దికొద్దిగా ఇవ్వాలి. వద్దన్న బిడ్డను బలవంతపెట్టకూడదు.