సెందాయ్ మంచులో పండిన పసిడి

టోక్యోలో బుల్లెట్ రైలెక్కి ఉత్తరంగా వెళ్తే గంటన్నరలో సెందాయ్ వస్తుంది. వీధుల వెంట బారులు తీరిన జెల్కోవా చెట్లవల్ల దీన్ని ‘చెట్ల నగరం’ అని ముద్దుగా పిలుస్తారు. మెట్రోలో ‘కొకుసాయ్ సెంటర్’ స్టేషన్ దగ్గర దిగితే ఫిగర్ స్కేటర్ల బొమ్మలున్న ఫలకాలు స్వాగతం పలుకుతాయి. ఒకరు షిజుకా అరకావా, మరొకరు యుజురు హన్యూ. ఇద్దరూ ఈ ఊరి మంచుమీద ఎదిగినవాళ్లే.

ఆ దగ్గర్లోనే గోషికినుమా అనే చిన్న చెరువు. జపాన్‌లో ఫిగర్ స్కేటింగ్ పుట్టిందిక్కడేనంటారు. వందేళ్ల కిందట చలికాలంలో చెరువు గడ్డకడితే, విద్యార్థులు దానిమీదే విన్యాసాలు నేర్చుకునేవారట.

అసలు కథ మాత్రం ఊరికి ఉత్తరాన, ఇజుమి వార్డులోని స్కేటింగ్ రింకుది. అరకావా సాధన చేసిందక్కడే. నాలుగేళ్ల హన్యూ అక్క వెంట వెళ్లి మొదటిసారి స్కేట్లు కట్టుకున్నదీ అక్కడే. కానీ రింకు నడపడమంటే మాటలా! మంచు కరగకుండా చూడ్డానికే ఖర్చు తడిసిమోపెడవుతుంది. డబ్బు చాలక 2004లో దాన్ని మూసేశారు. పిల్లలు వేరేచోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌లో జపాన్ జట్టు మొత్తానికీ దక్కింది ఒకే ఒక్క పతకం. అది అరకావా గెలిచిన స్వర్ణం! ఫిగర్ స్కేటింగ్‌లో ఓ ఆసియా దేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. దేశమంతా ఆమెకు జేజేలు పలుకుతుంటే, ఆమె మాత్రం రింకు తెరవమని అడిగింది. 2007లో ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

అంతా బాగుందనుకుంటుండగా 2011 మార్చి 11న పెను భూకంపం. ఆ సమయంలో పదహారేళ్ల హన్యూ మంచుమీదే ఉన్నాడు. స్కేట్లు విప్పే వ్యవధి లేక వాటితోనే బయటికి పరుగెత్తాడు. కుటుంబంతో కలిసి కొన్నిరోజులు సహాయ శిబిరంలో తలదాచుకున్నాడు. రింకు మళ్లీ మూతపడింది. దేశమంతా తిరిగి ఐస్ షోలు చేస్తూ, వాటినే సాధనగా మలచుకున్నాడతను. ఆ ఏడాది జులైలో రింకు తెరిచారు.

తర్వాత శిక్షణకోసం టొరంటో వెళ్లినా హన్యూ సొంత రింకును మరవలేదు. తన ఆత్మకథ రాయల్టీని దానికే ఇచ్చాడు. 2014 సోచిలో జపాన్‌కి వచ్చిన ఏకైక స్వర్ణం అతనిదే. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లోనూ గెలిచాడు. పురుషుల విభాగంలో వరసగా రెండు స్వర్ణాలు రావడం 66 ఏళ్ల తర్వాత అదే మొదలు.

2022 బీజింగ్‌లో అతను నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నా, జపాన్ స్కేటర్లు నాలుగు పతకాలు తెచ్చారు. వాటిలో జట్టు విభాగంలో దక్కిన కాంస్యం, రష్యా స్కేటర్‌పై డోపింగ్ తీర్పు తర్వాత రజతమై 2024లో వాళ్ల చేతికందింది.

పతకాల పట్టికలో దేశం పేరే ఉంటుంది, రింకు పేరు ఉండదు. 2007లో ఇజుమి రింకు తెరిచేనాటికి హన్యూకి పన్నెండేళ్లు. ఆ తలుపులు అలాగే మూసి ఉంటే స్టేషన్ ముందు ఆ రెండో బొమ్మ ఉండేదా?